ఉప్పుకయ్యలో ఆగిపోయే ట్రాక్టరు

చిల్లకూరు దగ్గర ట్రంకు రోడ్డు పక్కన తాటాకు షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు బాగుచేసే హజరత్తయ్యకు ఒక గుణం ఉండేది. ఆగిపోయిన ఇంజను మళ్ళీ తిరిగితే అందరూ సంతోషిస్తారు. అతనికి మాత్రం అంతటితో మనసు కుదుటపడేది కాదు. అది ఎందుకు ఆగిందో తెలియాలి. తెలిసేదాకా అన్నం ముందు కూర్చున్నా చెయ్యి కంచంలో, చూపు ఎక్కడో.

"తిరగతా ఉండాది గదా, ఇంకేంది నీ బాధ?" అని భార్య కామాక్షమ్మ విసుక్కునేది.

"తిరగతానే ఉండాది. ముందెందుకు తిరగలేదో చెప్పు, తింటా" అనేవాడు.

పట్టాళంలో లారీల పని నేర్చుకుని వచ్చిన మనిషి. వస్తూ వస్తూ మద్రాసులో పట్టాళం వాళ్ళు వేలం వేసిన పికప్పు బండిని తెచ్చుకున్నాడు. దాని పెట్రోలు ఇంజను తాగే తాగుడు భరించలేక, ఎక్కడో దొరికిన పాత డీజిలు ఇంజనును అందులో ఇరికించాడు. కొత్త ఇంజను పాత చోట సరిగ్గా పట్టక ముందు కప్పు కాస్త పైకి లేచి ఉండేది, తాడుతో కట్టేవాడు. బండి వస్తుంటే కంకర రోడ్డు మీద పెద్ద రోకలితో దంచుతున్నట్టు ఊరవతల నుంచే వినిపించేది. వెనక తొట్టిలో జాకీ, గొలుసులు, పానాల పెట్టె, వాటి పక్కనే మనిషంత పొడుగు ఇనుప కడ్డీ. ఎక్కడ ట్రాక్టరు మొరాయించినా ఆ కడ్డీతో పికప్పు వెనక తగిలించుకుని షెడ్డుకు లాక్కొచ్చేవాడు. పంతొమ్మిదివందల అరవై మూడులో ఆ ప్రాంతంలో ట్రాక్టర్లే తక్కువ. కొన్నవాళ్ళూ కొత్తే, నడిపేవాళ్ళూ కొత్తే.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే తూర్పుపాళెం. ఆ ఊళ్ళో మొదటి ట్రాక్టరు ఆదిశేషమ్మది. భర్త పోయి మూడేళ్ళయింది. సేద్యం ఆమె చూసుకుంటుంది, ట్రాక్టరు ఆమె మరిది పద్మనాభయ్య తోలుతాడు. ఆ ఏడు తొలివానలు పడి దుక్కులు సాగుతుండగా ట్రాక్టరు ఒక కయ్యలో ఆగిపోయిందని కబురొచ్చింది. హజరత్తయ్య వెళ్ళి లాక్కొచ్చాడు. డీజిలు అందక ఆగిందని చూడగానే తెలిసింది. గొట్టాలు ఊది, ఫిల్టరు మార్చి, పంపు విప్పి కడిగి, డీజిలు గొట్టాల్లో చిక్కిన గాలి తీసి స్టార్టు చేశాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా షెడ్డులో తిరుగుతూనే ఉంది. పంపేశాడు.

వారం తిరగకముందే మళ్ళీ కబురు. అదే ట్రాక్టరు, అదే కయ్య. ఊరికి తూర్పున ఉప్పువాగు గట్టును ఆనుకుని ఉన్న పెద్ద పొలం అది, దాన్ని ఉప్పుకయ్య అంటారు.

ఈసారి హజరత్తయ్య ట్యాంకు కూడా దించాడు. ఉన్న డీజిలంతా బక్కెట్టులోకి వంచి చూశాడు. తేటగా ఉంది. ట్యాంకులోకి బ్యాటరీ లైటు కొట్టి చూశాడు. అడుగు రేకు మెరుస్తూ కనిపించింది, చెత్త లేదు, తుప్పు లేదు. అన్నీ బిగించి స్టార్టు చేస్తే నిక్షేపంలా తిరిగింది. కానీ ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

ట్రాక్టరు తీసుకుపొమ్మని కబురు పెడితే పద్మనాభయ్యతో పాటు ఆదిశేషమ్మ కూడా వచ్చింది. గూడుబండి దిగి, షెడ్డులో తిరుగుతున్న ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, హజరత్తయ్య ముందు నిలబడింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి.

"ఎందుకాగింది?" అంది.

"ఇప్పుడు బాగానే ఉండాదమ్మా."

"బాగుందని నాకూ వినపడతా ఉండాది. ఎందుకాగిందని అడగతుండా."

హజరత్తయ్య చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తన ప్రశ్నే ఎదుటివాళ్ళ నోట వినడం అతనికి అదే మొదలు. "తెలవదమ్మా" అన్నాడు.

"మా ఊళ్ళో వాళ్ళకు తెలుసంట. ఆ నేలకు ఇనుము గిట్టదంట. కొబ్బరికాయ కొట్టి దాన్ని బీడు పెట్టమంటుండారు. నాగలి కర్రు ఇనుము కాదా అని అడిగినా. పలికినోడు లేడు." ఆమె ట్రాక్టరు వైపు చూసింది. "ఎందుకాగిందో తెలియకుండా దీన్ని నేను తీసుకుపోను. మళ్ళీ ఆగితే ఈసారి ఆ మాటే నిజమంటారు. నాకే నిజమనిపిస్తాదేమోనని ఉండాది."

"వేరే కయ్యల్లో ఆగలేదా?" హజరత్తయ్య పద్మనాభయ్యను అడిగాడు.

"ఒక్కదాంట్లోనూ ఆగలేదన్నా. అన్నీ దున్నేసినా. అది ఒక్కటే మిగిలుండాది" అన్నాడు పద్మనాభయ్య. మాట్లాడుతున్నంతసేపూ అతను వదిన వైపు చూడలేదు. హజరత్తయ్య అది గమనించాడు గానీ, వాళ్ళింటి సంగతి ఏదో ఉండి ఉంటుందనుకున్నాడు.

"అమ్మా, అది ఈడ ఆగదు" అన్నాడు కాసేపటికి. "ఈడ ఇంజను ఊరికే తిరగతా ఉండాది. లాగే బరువు లేదు, డీజిలు కొంచెమే తాగతాది. జవాబు మీ కయ్యలోనే ఉండాది. నేనే వస్తా. అది ఆగిందాకా ఆడ్నే కూర్చుంటా."

ఆదిశేషమ్మ ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. "రా. అన్నం నేను పెడతా" అంది.

మర్నాడు పద్మనాభయ్య ట్రాక్టరు తోలుకుని పోతుంటే, వెనకే పికప్పు దడదడమంటూ పోయింది. ముందు రాత్రి ఒక జల్లు పడింది. ఆకాశం తేరుకుని, ఎండ నేల మీద పడి ఆవిరి లేస్తోంది. హజరత్తయ్య పికప్పును ఊరి బాట మీద నిలిపి, నడుచుకుంటూ ఉప్పుకయ్యలోకి పోయి ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. ఆదిశేషమ్మ గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది. వాగు అవతల నుంచి ఉప్పుగాలి వీస్తోంది.

మడకలు నేలలో దిగాయి. ఇంజను గొంతు మారింది. నల్లమట్టి రెండు పక్కలా విచ్చుకుంటుంటే కొంగలు వెనకే దిగాయి. హజరత్తయ్య కళ్ళు మట్టి మీద లేవు. ట్యాంకు కింద చిన్న గాజు గిన్నె ఉంటుంది, ట్యాంకులోంచి వచ్చే డీజిలు దానిలోంచే పోవాలి. వంగి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కొన్ని చాళ్ళు బాగా సాగాయి. తర్వాత గిన్నెలో డీజిలు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. సగమైంది. అడుగుకు చేరింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"చూసినావా అన్నా! సరిగ్గా ఈడ్నే" అన్నాడు పద్మనాభయ్య.

"కదిలించబాకు. చెయ్యి పెట్టబాకు" అన్నాడు హజరత్తయ్య. గాజు గిన్నెకు ముఖం ఆనించి చూస్తున్నాడు. ఇంజను ఆగిన కొద్దిసేపటికి గిన్నెలోకి ఒక చుక్క జారింది. ఇంకో చుక్క. తర్వాత ఎవరో లోపల తలుపు తీసినట్టు డీజిలు ఒక్కసారిగా వచ్చి గిన్నె నిండిపోయింది.

అతనికి తట్టింది. ఏదో ఉంది. ఇంజను పీల్చేటప్పుడు అడ్డం పడుతోంది, పీల్చడం మానగానే తప్పుకుంటోంది. తను వెతకబోయినప్పుడల్లా అది దాక్కుంటోంది. గొట్టం విప్పి ఊదిన ప్రతిసారీ తన ఊపిరితో తనే దాన్ని లోపలికి తోసేశాడు. మరి ట్యాంకు వంచినప్పుడు ఎందుకు కనపడలేదు?

ఇక్కడికిక్కడే మళ్ళీ దించి చూడాలి. సామానంతా పికప్పులో ఉంది. బాట నుంచి మోసుకొచ్చే ఓపిక లేక, బండినే కయ్య గట్టు దాకా తెచ్చుకుందామనుకున్నాడు. ఆ తొందరే కొంప ముంచింది. వాగు గట్టు పైకి గట్టిగా కనిపించింది గానీ కింద అడుసు. పికప్పు వెనక చక్రాలు రెండూ ఇరుసు దాకా దిగిపోయాయి. ముందుకు పోనిస్తే ఇంకా దిగింది. వెనక్కి పోనిస్తే పక్కకు ఒరిగింది.

ట్రాక్టర్లను లాగే బండి అడుసులో, ఆ బండిని లాగగలిగిన ట్రాక్టరు కయ్య నడుమ. పద్మనాభయ్య గొట్టాల్లో గాలి తీసి ట్రాక్టరు తెస్తానన్నాడు గానీ, అంత బరువు ఈ గట్టెక్కితే రెండూ ఒక్కచోటే దిగుతాయని హజరత్తయ్య వద్దన్నాడు. ఊళ్ళోంచి కాడెద్దులు తెచ్చి కట్టారు. వాటి కాళ్ళే దిగబడ్డాయి, బెదిరిపోయాయి. విప్పేశారు.

అప్పుడే వాగు వెంబడి కుప్పం జనం పెద్దవల భుజాన వేసుకుని ఇళ్ళకు పోతున్నారు. కుప్పం అంటే సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకుని బతికేవాళ్ళ పల్లె, అక్కడికి మైలు దూరం. ముందు నడుస్తున్న నడివయసు మనిషి ముత్యాలయ్య, కుప్పానికి పెద్ద. అతను ఆగి బండి వంకా, ట్రాక్టరు వంకా, పద్మనాభయ్య వంకా చూశాడు. వల దించమని వెనకవాళ్ళకు చెప్పాడు.

తూర్పుపాళెం రైతులకూ కుప్పానికీ అప్పటికి నాలుగేళ్ళుగా మాటల్లేవు. వాగు సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి మూసుకుపోతుంది. ఆ చోటును మొగ అంటారు. మొగ తెరిస్తే రొయ్యా చేపా లోపలికి వస్తాయని కుప్పం వాళ్ళు తవ్వుతారు. ఉప్పునీళ్ళు వాగెక్కి కయ్యలు పాడవుతాయని రైతులు పూడుస్తారు. ఆ తగాదాలో రైతుల తరఫున ముందు నిలబడ్డవాడు ఆదిశేషమ్మ భర్తే. అందుకే కుప్పం వాళ్ళు గట్టెక్కి తన వైపు వస్తుంటే ఆమె గొడుగు మూసి లేచి నిలబడింది.

ముత్యాలయ్య ఆమెకు దండం పెట్టి, పని చూసుకున్నాడు. వల లాగే తాడు విప్పి పికప్పుకు కట్టించాడు. ఎవరో పరిగెత్తుకుంటూ పోయి పడవల కింద వేసే తాటి దుంగలు తెచ్చారు. చక్రాల ముందు మట్టి తవ్వి దుంగలు పరిచారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు తాడు పట్టుకుని వరసగా గట్టి నేల మీద నిలబడ్డారు. హజరత్తయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఇంజను గట్టిగా తోలబాకన్నా. మేం వల లాగే పదం పాడేటప్పుడు నెమ్మదిగా అందుకో. గుక్క తిప్పుకునేటప్పుడు ఆపు" అన్నాడు ముత్యాలయ్య.

హజరత్తయ్యకు మొదట రెండుసార్లు కుదరలేదు. మూడోసారి వాళ్ళ గొంతులు లేచేచోట తన కాలు దిగింది. తాడు బిగిసింది, దుంగలు కిర్రుమన్నాయి, బండి ఒక జానెడు కదిలింది. మళ్ళీ ఒక జానెడు. ఎన్నో ఇంజన్లను లాగిన తన బండి మనుషుల గొంతుకు తగ్గట్టు కదలడం అతనికి విచిత్రంగా తోచింది. చివరికి చక్రాలు గట్టి నేల ఎక్కాయి. జనం తాడు వదిలేసి నవ్వుతూ కూలబడ్డారు.

హజరత్తయ్య దిగి ముత్యాలయ్య చేతులు పట్టుకున్నాడు. "మీ రుణం ఎట్టా తీర్చుకునేదన్నా."

"రుణమేంది. మొన్న వాయుగుండం నాడు మా పెద్ద పడవ ఇసక మేటలో కూరకపోతే ఈ ట్రాక్టరే గదా వచ్చి లాగింది" అన్నాడు ముత్యాలయ్య.

ఆదిశేషమ్మ ముందుకొచ్చింది. "ఏ ట్రాక్టరు?"

ముత్యాలయ్య భార్య నాగులమ్మ, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, "ఇదేనమ్మా. ఈ పక్క ఇంకేది ఉండాది? మీరే పంపినారని గదా పద్మనాభయ్య చెప్పినాడు. మీ కడుపు సల్లగుండాలని మేమంతా అనుకున్నాము" అంది.

ఆదిశేషమ్మ మరిది వైపు తిరిగింది. పద్మనాభయ్య తల దించుకున్నాడు. ఆమె నోరు తెరవబోయింది గానీ అంతకంటే ముందు హజరత్తయ్య వాళ్ళిద్దరి మధ్యకు వచ్చేశాడు. ఆ సమయంలో ఇంటి గొడవలు వినే స్థితిలో అతను లేడు.

"పడవ లాగింది ఎప్పుడు?"

"వాయుగుండం పోయిన మర్నాడన్నా" అన్నాడు పద్మనాభయ్య సన్నగా.

"అంతకుముందు ఈ ట్రాక్టరు ఎప్పుడన్నా ఆగిందా?"

"లేదు."

"పడవ లాగిన తర్వాత ఏ కయ్య దున్నినావు?"

పద్మనాభయ్య తలెత్తాడు. ఆలోచించాడు. "ఉప్పుకయ్యే. మిగతావన్నీ అంతకుముందే అయిపోయినాయి."

"అంటే ఇది ఆగేది ఉప్పుకయ్యలో కాదు. పడవ లాగినప్పటినించీ ఆగతా ఉండాది" అన్నాడు హజరత్తయ్య. "ఆ దినం ఏం జరిగిందో ఒక్కటీ విడవకుండా చెప్పు."

పద్మనాభయ్య చెప్పాడు. పడవ సగం బయటికి వచ్చేసరికి డీజిలు అయిపోయింది. పోటు వస్తోంది. నీళ్ళొచ్చేలోగా లాగకపోతే పడవ విరిగిపోతుంది. సైకిలెక్కి ఇంటికి పోయాడు. ఎప్పుడూ డీజిలు పోసే డబ్బా కనపడలేదు. అడుగుదామంటే వసారాలో ఉన్నది వదినే, పడవ సంగతి బయటపడుతుంది. నాగులమ్మ ఇచ్చి పంపిన డబ్బాతోనే పీపాలోంచి డీజిలు పట్టుకుని వెనక్కి తొక్కాడు.

"ఏం డబ్బా అది?" హజరత్తయ్య నాగులమ్మను అడిగాడు.

"చేపల డబ్బానయ్యా. కడిగే ఇచ్చినా! ఇసకేసి తోమి మరీ ఇచ్చినా" అంది నాగులమ్మ, తన మీద నింద పడుతోందేమోనని.

"ట్యాంకు మూతి దగ్గర జల్లెడుంటాది గదా పద్మనాభం?"

"అది ఉంటే మెల్లగా దిగతాదన్నా. పోటు వచ్చేస్తా ఉండాది. తీసేసి పోసినా."

హజరత్తయ్య ఇంకేమీ అడగలేదు. పరుగులాంటి నడకతో ట్రాక్టరు దగ్గరికి పోయాడు. అందరూ వెనకే వెళ్ళారు. ట్యాంకు దించి, ఆదిశేషమ్మ అన్నం గిన్నెల మీద కప్పి తెచ్చిన తెల్లటి గుడ్డ అడిగి తీసుకుని బక్కెట్టు మీద పరిచాడు. ముత్యాలయ్య ఒక పక్క, పద్మనాభయ్య ఒక పక్క ట్యాంకు పట్టుకుని నెమ్మదిగా వంచారు. డీజిలంతా గుడ్డలోంచి దిగిపోయింది. గుడ్డ మీద ఏమీ లేదు.

"ఇంకొంచెం డీజిలు పోసి కుదిపి వంచండి" అన్నాడు. వంచారు. ఏమీ లేదు. ఎవరో నిట్టూర్చారు. మూడోసారి ట్యాంకును గట్టిగా అటూ ఇటూ ఆడించి ఒక్కసారిగా బోర్లించారు.

గుడ్డ మీద ఎండలో ఏదో తళుక్కుమంది.

హజరత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని గోటితో దాన్ని లేపాడు. బొటనవేలి గోరు కన్నా పెద్దది, గుండ్రంగా, గాజు కన్నా పలచగా ఉంది. దానిలోంచి చూస్తే వేలి గీతలు కనిపిస్తున్నాయి.

"పండుగప్ప పొలుసు" అంది నాగులమ్మ చూడగానే. "ఎంత కడిగినా అవి డబ్బా అంచు మడతలో అంటుకోనుంటాయి."

"అందుకే కనపడలా!" హజరత్తయ్య పొలుసును పైకెత్తి పట్టుకున్నాడు. "డీజిల్లో పడితే దీనికి రంగు లేదు, నీడ లేదు. ట్యాంకు వంచితే రేకుకు అంటుకుపోయుండాది. లైటేసి చూస్తే రేకు మెరుస్తా ఉండాదనుకున్నా. నేను చూసిన మెరుపు ఇదేనేమో!"

డీజిలు పోయే గొట్టం తీసి మూతికి పొలుసు ఆనించి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. పొలుసు టక్కున అతుక్కుంది. పీల్చడం ఆపాడు. కాసేపు ఉండి, రాలి అరచేతిలో పడింది. నోట్లోకి పోయిన డీజిలు ఉమ్మేస్తూ పెద్దగా నవ్వాడు. జనం గుంపుగా మీదికొచ్చారు. ఇంకోసారి చూపించమన్నారు. ఇంకోసారి చూపించాడు.

"ఏదీ, నాకియ్యి" అంది ఆదిశేషమ్మ.

భర్త పోయినప్పటి నుంచి మూడేళ్ళుగా ఆమె చేపలు ముట్టదు. కాడెద్దులతో వచ్చిన ఊరివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆమె పొలుసును అరచేతిలో పెట్టుకుని, ఎండకు పట్టి, తిప్పి, మళ్ళీ తిప్పి చూసింది. "ఇంత పొలుసుకా నేను కయ్య బీడు పెట్టాల్సింది" అంది తనలో తను. తర్వాత గొట్టం తీసుకుని తను కూడా పీల్చి చూసింది. పొలుసు అతుక్కుంది. ఆమె నవ్వితే అంత చిన్నపిల్లలా ఉంటుందని పద్మనాభయ్యకే తెలియదు.

ట్యాంకు ఎక్కించి, జల్లెడ బిగించి, గాలి తీసి స్టార్టు చేశారు. ఈసారి మడ్‌గార్డు మీద ఆదిశేషమ్మ కూర్చుంది. గాజు గిన్నె ఎక్కడుందో అడిగి చూసి, కళ్ళు దాని మీదే పెట్టింది. ఆగేచోటు వచ్చింది, పోయింది. ట్రాక్టరు కయ్య చివర దాకా పోయి తిరిగొచ్చింది. మళ్ళీ పోయింది. కుప్పం జనం గట్టు మీద కూర్చుని, ఆగుతుందా ఆగదా అని కనిపెట్టుకునే ఉన్నారు. పొద్దు వాలేలోగా ఉప్పుకయ్య మొత్తం నల్లగా తిరగబడింది.

దిగిన తర్వాత ఆమె మరిదిని పక్కకు పిలిచింది. పక్కకు పిలిచినా అందరికీ వినపడింది.

"పడవ లాగితే నేను వద్దంటాననుకున్నావా?"

"అన్న ఉంటే వద్దనేవాడు గదా వదినా."

"నీ అన్న మాట అడగలా. నన్నెందుకు అడగలేదని."

పద్మనాభయ్య కాలితో ఒక మట్టిపెళ్ళను నలిపాడు.

"నేలకు ఇనుము గిట్టదని ఊరంతా చెవిలో పోరతా ఉంటే విని ఊరుకున్నావు. ఆగిపోయిన నాడే పడవ మాట చెప్పుంటే, ఈయన రెండు మార్లు ఈడికీ ఆడికీ తిరిగేవాడా? నాకు నిద్రలన్నా పట్టి ఉండేవి." ఆమె గొంతు గట్టిగా లేదు, అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. "నేను పంపినానని వాళ్ళకు చెప్పినావు. మంచిపేరు నాకు, మాట మాత్రం నాకు లేదు."

"భయపడినా వదినా."

"నా దగ్గర భయపడబాక. నన్ను అడుగు" అంది. అక్కడితో ఆ మాట ముగించి ముత్యాలయ్య దగ్గరికి వచ్చింది.

"ఆ పడవ యాడుండాది?"

"ఒడ్డునే ఉండాదమ్మా. పగుళ్ళు పూడుస్తుండాము."

"చూడొచ్చా?"

ముత్యాలయ్య నాగులమ్మ వైపు చూశాడు. నాగులమ్మే జవాబిచ్చింది. "రండి తల్లీ. నేను పుట్టి బుద్ధెరిగినాక ఊరి ఆడోళ్ళు మా కుప్పానికి వచ్చింది లేదు. మీరన్నా రండి."

పికప్పు ముందు సీటులో ఆదిశేషమ్మ, వెనక తొట్టిలో జాకీ గొలుసుల మధ్య వలతో సహా కుప్పం ఆడవాళ్ళు ఎక్కారు; మగవాళ్ళూ, వాళ్ళతో పద్మనాభయ్యా నడిచారు. ఈసారి హజరత్తయ్య ముత్యాలయ్య చూపించిన గట్టి బాటనే పోనిచ్చాడు. ఇంటికి పోవలసిన వేళ అయిందని అతనికి తెలుసు, కామాక్షమ్మ ఎదురు చూస్తుందనీ తెలుసు. కానీ పడవ ఎంతదో, దాన్ని ట్రాక్టరు ఏ వైపు నుంచి లాగిందో, గొలుసు ఎక్కడ కట్టారో చూడకుండా వెళ్ళిపోవడం అతని వల్ల కాలేదు.

పడవ అతను అనుకున్నదానికంటే పెద్దది. ఇసుక మీద ఒరిగి పడుకుని ఉంది. ఆదిశేషమ్మ దాని పక్కన నిలబడితే అంచు ఆమె తలకు పైన ఉంది. సముద్రానికి ఇంత దగ్గర ఊళ్ళో కాపురం చేస్తూ పడవను చేత్తో తాకడం ఆమెకు అదే మొదటిసారి. పలకల సందుల్లో ఏం పెడతారని అడిగింది. ఎంతమంది ఎక్కుతారని, ఎంత దూరం పోతారని, గాలి తిరిగితే ఏం చేస్తారని అడిగింది. ముత్యాలయ్య మొదట ముక్తసరిగా, తర్వాత చేతులు తిప్పుతూ చెప్పసాగాడు. హజరత్తయ్య పడవ కిందికి దూరి గొలుసు ఒరిపిడి గుర్తులు వెతుకుతున్నాడు.

"మొగ ఎందుకు తవ్వతారు?" అంది ఆమె ఉన్నట్టుండి.

హజరత్తయ్య పడవ కింద నుంచి తల బయటపెట్టాడు.

ముత్యాలయ్య తొందరపడలేదు. "రొయ్య పిల్ల సముద్రంలో పుడతాదమ్మా. వాగులోకొచ్చి పెరగతాది. మొగ మూసుంటే రాదు. వాగులో చేప లేకుంటే గాలివాన నెలల్లో మాకు తిండుండదు. సముద్రంలోకి పోలేము గదా అప్పుడు."

"ఉప్పునీళ్ళు తగిలితే నా నారు రెండు రోజుల్లో ఎర్రబడి పోతాది."

"తెలుసమ్మా."

"తెలిసే తవ్వతారా?"

"తెలిసే పూడుస్తారు గదా మీరూ" అన్నాడు ముత్యాలయ్య, నెమ్మదిగానే.

ఆదిశేషమ్మకు కోపం వస్తుందేమోనని పద్మనాభయ్య కంగారుపడ్డాడు. ఆమె కోపగించుకోలేదు. కళ్ళు చికిలించి వాగు వైపు చూస్తోంది. "రొయ్య పిల్ల వచ్చేది ఏ నెలలో?" అంది.

"అది ఏటేటా మారతాది. నాగులమ్మకు బాగా తెలుసు."

"నా వరికి నీళ్ళు అక్కర్లేని నెలలు కొన్ని ఉండాయి. ఆ నెలల్లో వస్తాదా?"

నాగులమ్మ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేసుకుంది. "కొంత వస్తాది. కొంత రాదు" అంది. "అయినా మేమిద్దరం చెప్పేది కాదు తల్లీ ఇది. కుప్పమంతా కూర్చోవాల."

"మా ఊళ్ళో అయితే నేను చెప్తే వినేవాళ్ళు తక్కువ" అంది ఆదిశేషమ్మ. "అయినా అడగతా."

హజరత్తయ్య ఒళ్ళంతా ఇసుకతో బయటికి వచ్చి నిలబడ్డాడు. "మొగ అసలు యాడుండాదన్నా? ఇసక దానంతటదే ఎట్టా మూసుకుపోతాది? నీళ్ళు తోసేది అటునించా, ఇటునించా?"

ముత్యాలయ్య నవ్వి, రమ్మని చెయ్యి ఊపి ముందు నడిచాడు. ఆదిశేషమ్మ చెప్పులు చేతిలోకి తీసుకుంది. అందరూ తడి ఇసుక మీద ఉత్తరంగా పోయారు. వాగు చివర మోకాలి లోతు సన్నటి పాయ సముద్రంలోకి జారుతోంది. అవతల నుంచి అల వచ్చినప్పుడల్లా ఆ పాయ ఆగి, ఒక్క క్షణం నిలిచి, వెనక్కి తిరిగి వాగులోకి ఎక్కుతోంది. దానితో పాటు ఇసుక మబ్బులా లేచి రెండు పక్కలా దిగుతోంది. హజరత్తయ్య పంచె ఎగగట్టి నీళ్ళలో దిగి, ఆ ఇసుక ఏ పక్క ఎక్కువ దిగుతోందో అరికాళ్ళతో తడుముతూ నిలబడ్డాడు. పొద్దు కుంకుతోందని పద్మనాభయ్య ఒడ్డు నుంచి పిలిచాడు. ఇంకో అల చూసి వస్తానన్నాడు హజరత్తయ్య. అతని పక్కనే ఆదిశేషమ్మ కూడా చీర చెంగు బిగించి నీళ్ళలోకి దిగింది.